దూలం దేని మీద కూర్చుంది?

మా డెల్టాలో రేకుల షెడ్డు ఎవరు కట్టించుకున్నా, వర్క్‌షాపుకు వచ్చి ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే. "గాలికి ఆగుద్దా?" రైసుమిల్లు కట్టేవాడూ అదే అడుగుతాడు, చెరువు గట్టు మీద చేపల మేత దాచుకోవడానికి నాలుగు రేకులు వేసుకునేవాడూ అదే అడుగుతాడు. లోపల ఏం పెడతారో, పైనుంచి ఏం వేలాడదీస్తారో వాళ్ళు చెప్పరు. మేమూ అడిగేవాళ్ళం కాదు. దివిసీమను ఉప్పెన ముంచిన నాటికి నేను కుర్రవాణ్ణి. మా ఊరి బడి కప్పు మీది రేకు ఒకటి పక్క ఊరి చేలో, వరి దుబ్బుల మధ్య నిలువుగా గుచ్చుకుని ఉండగా చూశాను. అలాంటి రేకును ఒకసారి చూసినవాడికి కప్పంటే పైకి ఎగిరిపోయే వస్తువు. అది కింద కూడా పడగలదని గుర్తు రాదు.

ఈ అలవాటు వల్ల ఒక రోజు మేమందరం కలిసి ఎంత ప్రమాదం దాకా వెళ్ళామో ఇప్పుడు సైట్ల మీద తిరుగుతున్న పిల్లలకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మీ దగ్గర కంప్యూటర్లున్నాయి, అవి మాకంటే బాగా లెక్కిస్తాయి. కానీ వాటికి కూడా బరువు ఏ దిక్కుకు లాగుతుందో మనిషే చెప్పాలి.

నేను గుడివాడలో, బంటుమిల్లి వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఒక ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపులో లెక్కల మనిషిగా పనిచేశాను. ఇంజనీరును కాను. పదో తరగతి అయ్యాక గుమాస్తాగా చేరాను. ఇనుము తూకాల పట్టికలున్న పాత పుస్తకం ఒకటి అక్కడ అటక మీద దొరికింది. అర్థం కాని పేజీని అర్థమయ్యేదాకా చదవడం, విజయవాడ నుంచి అప్పుడప్పుడు వచ్చే ఇంజనీరు గారి భుజం మీదుగా ఆయన వేసే లెక్క చూడడం, రాత్రి ఇంటికి వెళ్ళి అదే లెక్క మళ్ళీ వేసుకోవడం, ఇదీ నా చదువు. కొన్నేళ్ళకు ఇంజనీరు గారు నేను వేసిన లెక్క చూసి సంతకం పెట్టే స్థితి వచ్చింది. గాలి లెక్క మాత్రం ఎవరికీ తీసిపోకుండా వేసేవాణ్ణి. అది నా గొప్ప.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ముదినేపల్లి వైపు చేపల చెరువుల మీద పైకొచ్చిన ఒకాయన బందరు అవతల, సముద్రానికి వెళ్ళే దారిలో రిసార్టు కట్టాడు. కాటేజీలు, ఈత కొలను, కొబ్బరి తోట, ఆ చివర పెళ్ళిళ్ళకని మాచేత కట్టించుకున్న పెద్ద రేకుల షెడ్డు. ముహూర్తాలు లేని నెలల్లో షెడ్డు ఊరికే ఉంటోందని ఆయనకు బాధ. దానిలో వేదిక కట్టించి, మెట్లమెట్లుగా కుర్చీలు వేయించి, నల్ల తెరలు దింపి, ఏసీలు పెట్టి, బయట థియేటర్ అని బోర్డు రాయించాడు. వేసవి సెలవులకు ఒక సర్కస్ బృందాన్ని మాట్లాడుకున్నాడు.

మనం చిన్నప్పుడు చూసిన సర్కస్ కాదది. గుడారం లేదు, సింహం లేదు, ఏనుగు లేదు. మనుషులే. సంగీతం, రంగు దీపాలు, ఒకరి భుజాల మీద ఒకరు, ఇనప చక్రంలో గిరగిరా తిరిగేవాళ్ళు. అన్నిటికంటే చివర, పైనుంచి వేలాడే రెండు పొడవాటి గుడ్డల మీద ఎక్కి, నడుముకు చుట్టుకుని, కింద వలైనా లేకుండా విన్యాసం చేసే ఒక ఆడమనిషి.

ఆయన వర్క్‌షాపుకు ఫోన్ చేసి నన్ను పిలిపించాడు. "ఏవయ్యా లెక్కలాయనా, మీరు కట్టిన కప్పుకి ఓ మనిషిని వేలాడదీయాలంట. ఒకసారొచ్చి చూడు."

"ఎంత బరువండీ?"

"ఆ ఎంత, ఈదర గాలికి కొట్టుకుపోయేట్టుంది. మన మేత బస్తా అంత కూడా ఉండదు."

నేను వెళ్ళేసరికి ఆమె వేదిక మధ్యలో నిలబడి కప్పు వైపు చూస్తోంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. సన్నటి మనిషి. చేతులు మాత్రం పడవ తెడ్డు వేసేవాళ్ళ చేతుల్లా ఉన్నాయి. ఏ భాషలో మాట్లాడాలో తెలియక ఇంగ్లీషులో బరువెంతని అడిగాను.

"యాభై కేజీలండీ. కానీ మీక్కావాల్సింది అది కాదు," అంది తెలుగులో.

"మీదే ఊరమ్మా?"

"నాగాయలంక అవతలండీ. దివిసీమే." నా మొహం చూసి నవ్వింది. "ఏం, దివిసీమ వాళ్ళు చేపలే పట్టాలా బాబాయ్ గారూ?"

ఆమె మేనమామ ఒక పాత సర్కస్‌లో వంటవాడట. చిన్నప్పుడు ఒక వేసవి సెలవులకు అతనితో వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. జంతువులు పోయి, గుడారాలు పోయి, ఆ సర్కసే మూతపడ్డాక ఈ కొత్త బృందంలో చేరింది. ఇన్నేళ్ళలో వాళ్ళమ్మ ఒక్క ఆటా చూడలేదు. ఊళ్ళో చర్చి వాళ్ళు అడిగితే మా అమ్మాయి కంపెనీలో చేస్తోందని చెప్పేదట. ఇప్పుడు ఇంటికింత దగ్గర్లో ఆట పడింది. మొదటి రోజు ఆటకి చర్చి ఆడవాళ్ళతో కలిసి వ్యాన్ కట్టించుకుని వస్తానని కబురు పెట్టింది.

"నేనేం పని చేస్తానో మా అమ్మ ఇప్పటిదాకా అడగలేదండీ. చూసి తెలుసుకోవాల్సిందే," అంది.

తర్వాత నా చేతికి ఒక తువ్వాలు అంచు ఇచ్చి, రెండో అంచుకు నిండు మంచినీళ్ళ బాటిల్ కట్టింది. బాటిల్ మెల్లగా కిందికి వదిలింది. "ఇదండీ నా బరువు." మళ్ళీ బాటిల్‌ను నా చెయ్యి ఎత్తుకు లేపి, ఒక్కసారిగా వదిలేసింది. తువ్వాలు బిగుసుకుని నా మణికట్టు కిందికి లాగేసింది, ముందుకు తూలాను. "ఇది నా ఆట. చివర పైనుంచి దొర్లుకుంటూ పడి, నేలకి ఇంత ఎత్తులో ఆగుతా. మీరు లెక్కెయ్యాల్సింది ఈ దెబ్బనండీ, నన్ను కాదు. మా మాస్టరు మనిషికి పదింతలు మొయ్యకపోతే ఎక్కొద్దనేవాడు."

ఎగిరిపోయే కప్పుల లెక్కలో ఇన్నేళ్ళు బతికినవాడికి ఆ బాటిల్ పెద్ద పాఠమే. గుడివాడ వచ్చి లెక్క వేశాను. ట్రస్సులు, అంటే కప్పును మోసే ఆ త్రికోణపు ఇనప చట్రాలు, సరిపోతాయని తేలింది. గాలి కప్పును పైకి లేపినప్పుడు చట్రం అడుగు పైపు వంగిపోకూడదని నేనే దాన్ని కావలసినదాని కంటే లావు వేయించాను. తుఫానుకని పెట్టిన లావు సర్కస్‌కు పనికొచ్చింది. వేదిక మధ్య భాగం రెండు చట్రాల నడుమకు వస్తుంది కాబట్టి ఒక చట్రం నుంచి ఇంకో చట్రానికి అడ్డంగా ఒక ఇనప దూలం వేసి, దాని నడుమ కొక్కెం పెట్టాలి. గుడ్డలు ఆ కొక్కేనికి తగిలిస్తారు. బొమ్మ గీసి, చట్రాల పైపులకు దూలాన్ని క్లాంపులతో బిగించాలని రాసి మేస్త్రీకిచ్చాను.

మా మేస్త్రీ గురించి చెప్పాలి. వెల్డింగులో మా జిల్లాలో అతని చేతికి తిరుగులేదనేవాళ్ళు. నన్ను బావా అనేవాడు, మాకే చుట్టరికమూ లేదు. నేను కాగితం మీద ఏదైనా గీస్తే దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, "నీ బొమ్మ కంటే నీ మాట నయం బావా, నోటితో చెప్పు," అనేవాడు. ఆ వారం నాకు బంటుమిల్లిలో ఒక మిల్లు పని ఉండి నోటితో చెప్పలేదు. అతను మనుషుల్ని తీసుకుని బందరు వెళ్ళి పని పూర్తిచేసి, "ఏనుగుని కట్టుకోమను బావా," అని ఫోన్ చేశాడు.

ఆట మొదటి రోజు పొద్దున నేను వెళ్ళాను. సాయంత్రం ఆరింటికి ఆట. రిసార్టు యజమాని బందరులోనూ, గుడివాడలోనూ తనకు తెలిసిన పెద్దవాళ్ళందరినీ పిలిచాడు. తోటలో రంగు జెండాలు కడుతున్నారు. మేస్త్రీ వెదురు గడ ఒకటి నాకిచ్చి, "పొడిచి చూడు, లేస్తుందేమో," అన్నాడు. నిచ్చెన ఎక్కి దూలాన్ని కింది నుంచి పైకి బలంగా పొడిచాను. కదల్లేదు. పక్కలకు తోశాను. కదల్లేదు. "బ్రహ్మాండంగా ఉంది," అన్నాను. యజమాని కూడా తల పైకెత్తి చూసి, "ఏ గాలికీ లేవదు," అన్నాడు.

ఆమె వచ్చింది. వేదిక మీద, సరిగ్గా దూలం కింద, వెల్లకిలా పడుకుంది. చేతులు తల కింద పెట్టుకుని చాలాసేపు పైకి చూసింది. ఇంటి మేడ మీద చుక్కలు చూస్తున్నట్టు పడుకుందని మేస్త్రీ నా చెవిలో నవ్వాడు.

పడుకునే అడిగింది. "బాబాయ్ గారూ, ఈ దూలం దేని మీద కూర్చుంది?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు. మేస్త్రీ అందుకున్నాడు. "కూర్చోవడమేంటమ్మా? పట్టుకుని ఉందిగా."

"ఎవరు పట్టుకున్నారు?"

"క్లాంపులు."

"క్లాంపులని?"

"బోల్టులు."

"ఆ బోల్టులు నా చిటికెనవేలంత లేవండీ," అంది, చిటికెనవేలు పైకెత్తి చూపిస్తూ.

అప్పుడు నేను మళ్ళీ తలెత్తి చూశాను. అంతకుముందు చూసిందే, కానీ ఈసారి తలకిందులుగా చూశాను. దూలం చట్రాల పైపుల మీద లేదు. పైపుల కింద ఉంది. కింది నుంచి ఎత్తి పైపులకు ఆనించి, రేకుల పనిలో వాడే పలచటి ఇనప పట్టీలతో చుట్టి బిగించారు. అలా చేయడం తేలిక. పైన పెట్టాలంటే చట్రం కమ్మీల మధ్య నుంచి దూర్చాలి. మా షెడ్లలో ఆ పట్టీల పనేమిటంటే, పైపు లేవకుండా, రేకు లేవకుండా పట్టి ఉంచడం. గాలి లాగుడును షెడ్డు పొడవునా వందల పట్టీలు పంచుకుంటాయి. ఇక్కడ నాలుగే ఉన్నాయి, దూలాన్ని ఎత్తి పట్టుకుని. ఆమె పడి ఆగే దెబ్బంతా ఆ నాలుగు పట్టీల మీదే. నా బొమ్మలో పైనా, కిందా అని రాయలేదు. క్లాంపు అని రాశాను. మా వర్క్‌షాపులో క్లాంపు అంటే ఒక్కటే అర్థం, ఆ పట్టీ. మేస్త్రీ అలాగే బిగించాడు, నేను గడతో పైకి పొడిచి చూశాను, యజమాని గాలికి లేవదన్నాడు. ముగ్గురం ఒకే దిక్కుకు పరీక్ష చేశాం. ఒక్కరం కూడా దూలాన్ని పట్టుకుని వేలాడలేదు.

మేస్త్రీ నిచ్చెన కింద కూలబడి, "ఎంత పని జరిగేది బావా," అన్నాడు. ఆమె మాత్రం లేచి, వీపు దులుపుకుని, "టైముంది కదండీ," అంది. ఇలాంటివి ఆమెకు మామూలేనట. ప్రతి ఊళ్ళో ముందు వెల్లకిలా పడుకుని కప్పు చూస్తుంది. కప్పు చూడకుండా ఎక్కిన ఒక స్నేహితురాలు ఉండేదని మాత్రం చెప్పింది.

యజమాని భయపడిపోయాడు. "అమ్మాయ్, ఇయ్యాళ్టికి ఆ పడే ముక్క తీసేయ్. గుడ్డల మీద మెల్లగా ఎక్కి, నాలుగు భంగిమలు పెట్టి దిగిపో. చూసేవాళ్ళకేం తెలుసుద్ది?"

"గుడ్డ పట్టుకుని ఊరికే వేలాడితే మా అమ్మ బట్టలారేశారనుకుంటుందండీ."

"అమ్మ కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

"అందుకే కదండీ అడుగుతున్నా, దేని మీద కూర్చుందీ అని. కూర్చోబెట్టండి. మిగతాది నా పని."

దూలం విప్పడం మొదలుపెట్టాం. మే నెల. కప్పు దగ్గర ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. మేస్త్రీ, అతని మనుషులూ తడిపిన గోనెసంచులు చేతులకు చుట్టుకుని పనిచేశారు. లోపలి నుంచి దూలం దూరదని తేలింది. షెడ్డు వెనక గోడకు పైన బిగించిన రేకులు రెండు ఊడదీసి, బయట పరంజా కట్టి, అక్కడి నుంచి దూలాన్ని లోపలికి తోసి, రెండు చట్రాల పైపుల మీద, కమ్మీలు కలిసే చోట కూర్చోబెట్టారు. ఈసారి క్లాంపులకు చేసే పని పెద్దగా లేదు. దూలం పక్కకు జరక్కుండా చూస్తే చాలు. బరువు పైపులు మోస్తాయి. భోజనాల వేళ దాటిపోయింది. ఎవరూ తినలేదు.

ఇక పరీక్ష. మనిషిని పడేసి చూడలేం కాబట్టి ధాన్యం బస్తా పడేద్దామన్నాను. యజమాని పక్క ఊరి నుంచి మూడు బస్తాలు తెప్పించాడు. ఒకదానికి తాడు కట్టి కొక్కెం మీదుగా పైకి లాగి, నేలకి తగలకుండా ఆగేట్టు తాడు రెండో కొస స్తంభానికి కట్టి, ఆమె పడేంత ఎత్తు నుంచి వదిలాం. తాడు బిగుసుకుంది, దూలం నిలిచింది, బస్తా పగిలింది. ధాన్యం వేదిక మీదా, మా తలల మీదా, కొత్త ఏసీల మీదా కురిసింది.

"ఆటకి ముందే అక్షింతలు పడ్డాయమ్మా," అన్నాడు మేస్త్రీ, జుట్టు దులుపుకుంటూ. యజమాని కూడా పడీ పడీ నవ్వాడు. అది నాకు సరిపోలేదు. బస్తా పగిలినప్పుడు దెబ్బ కొంత బస్తాలోనే పోయింది, దూలం దాకా పూర్తిగా వెళ్ళలేదు. ఆ మాట అన్నాను. యజమాని ఆలోచించి, దగ్గర్లోని చెరువుల మీదికి మనిషిని పంపి చేపలు పట్టే వల తెప్పించాడు. "పండుకప్ప చేపలు కొట్టుకున్నా తెగని వల," అన్నాడు. రెండు బస్తాలు వలలో చుట్టి, మూతి కట్టి, పైకి లాగి వదిలాం. షెడ్డంతా ఒక్కసారి గట్టిగా మోగింది. నిచ్చెన వేసుకుని పైకెక్కి చూశాను. దూలం కూర్చున్న చోట నేను సుద్దముక్కతో గీసిన గీత ఎక్కడ ఉందో అక్కడే ఉంది. మళ్ళీ వదిలించాను. మళ్ళీ ఎక్కాను. గీత కదల్లేదు.

దిగేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. యజమాని అడిగాడు. "చెప్పవయ్యా. పడచ్చా, పడకూడదా? నువ్వు సరేనంటే సరే."

నేను ఉద్యోగంలో ఎప్పుడూ సరేనని చెప్పిన మనిషిని కాదు. లెక్క ప్రకారం ఆగాలి అనేవాణ్ణి. పట్టిక ప్రకారం సరిపోవాలి అనేవాణ్ణి. అందులో నేనుండను, పట్టిక ఉంటుంది. ఆ మాటే మొదలుపెట్టాను. "లెక్క ప్రకారం..."

"లెక్కని అడగట్లేదండీ," అంది ఆమె. "లెక్క ఎక్కదు కదా. మిమ్మల్ని అడుగుతున్నా."

"పడమ్మా," అన్నాను.

సాయంత్రం వ్యాన్ వచ్చింది. తెల్ల చీరల్లో పదిమంది ఆడవాళ్ళు దిగారు. అందరికంటే వెనక దిగిన పొట్టి మనిషి వాళ్ళమ్మ. చేతిలో చిన్న పొట్లం. దారిలో చిలకలపూడిలో ఆగి, కూతురు ఆటలో వేసుకోవడానికి రోల్డుగోల్డు గొలుసు కొనుక్కొచ్చిందట. మెడ బోసిగా ఉంటే నలుగురిలో బాగుండదని. కూతురు ఆ గొలుసు చూసి, "అమ్మా, ఇది గుడ్డలో చిక్కుకుంటే నా పీకకే ఉరి," అంది. అమ్మ గొలుసును గుప్పిట్లో పెట్టుకుంది. ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టారు. పక్క కుర్చీ నాది. కూతురే అలా వేయించిందని తర్వాత తెలిసింది.

ఆట మొదలైంది. చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు. ఏం చూసి కొడుతున్నారో నాకు తెలియదు. నేను దూలాన్ని చూస్తున్నాను. దీపాలు మారినప్పుడల్లా దూలం ఒకసారి ఎర్రగా, ఒకసారి నీలంగా కనిపిస్తోంది. దానికి తోడు ఇంకో సంగతి ఉంది. పగలంతా కాగిన రేకులు సాయంత్రం చల్లబడేటప్పుడు టక్కు టక్కుమంటాయి. నేను కట్టిన ప్రతి షెడ్డులోనూ వినే చప్పుడే. ఆ సాయంత్రం మాత్రం ప్రతి టక్కుకీ నా ప్రాణం పోయి వచ్చింది. ఏది రేకో, ఏది బోల్టో చెవికి తెలియదు కదా.

"ఇప్పుడు వచ్చేది మా పిల్లేనా బాబూ?" అని అడిగింది పక్కావిడ.

"అవునమ్మా."

సంగీతం మారింది. గుడ్డలు కదలడం చూశాను, అంటే కొక్కెం దగ్గర కదలడం. అవి బిగుసుకున్నాయి. దూలం నిలిచింది. పక్కనుంచి "ప్రభువా, ప్రభువా" అని చిన్న గొంతు. తర్వాత కొక్కెం ఒక్కసారి కిందికి లాగినట్టయింది, షెడ్డు మోగింది, జనం ఒక్క కేక పెట్టారు. నా కళ్ళు సుద్ద గీత ఉన్నచోటు మీదే ఉన్నాయి. అంత కింద నుంచి ఆ గీత కనిపించదు. అయినా చూశాను.

"పడిందా?" అంది పక్కావిడ. తిరిగి చూస్తే కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"ఆగిందమ్మా," అన్నాను.

ఆట అయ్యాక తెర వెనక్కి వెళ్ళాం. ఆమె చెమటలు తుడుచుకుంటూ వాళ్ళమ్మ ముందు నిలబడింది. వాళ్ళమ్మ గుప్పిట విప్పితే గొలుసు అచ్చు అరచేతిలో ఎర్రగా పడి ఉంది.

"ఎలా ఉందమ్మా?"

"నేను ప్రార్థన చేసుకుంటున్నానే. కళ్ళు మూసుకోకుండా ప్రార్థనెలా చేస్తారు? ఈయన్నడుగు, ఈయన చూశాడు."

ఆమె నా వైపు తిరిగింది. నేను ఆలోచించి నిజమే చెప్పాను. "దూలం కదల్లేదమ్మా."

ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ పెట్టె మీద కూర్చుండిపోయింది. "ఏరికోరి ముందు వరసలో వేయించాను మీ ఇద్దర్నీ," అంది. తర్వాత నవ్వు ఆగిపోయింది. చేతులకు చుట్టుకున్న గుడ్డ పట్టీ విప్పుకుంటూ, మాకు కాదు, ఆ పట్టీకే చెబుతున్నట్టు అంది. "అయితే మా అమ్మకి ఇంకా తెలీదన్నమాట, నేనేం చేస్తానో."

తెల్ల చీరల వాళ్ళు వ్యాన్ దగ్గర తొందరపెడుతున్నారు. వాళ్ళమ్మ బయటికి వెళ్ళింది. కొద్దిసేపట్లోనే తిరిగొచ్చింది. వ్యాన్ వెళ్ళిపోయింది, ఆమె వెళ్ళలేదు.

"రేపు కూడా ఉందిగా ఆట?" అంది.

మర్నాడు నాకు బందరులో పనేమీ లేదు. గుడివాడలో పనులున్నాయి. అయినా ఉండిపోయాను. పొద్దున నిచ్చెన వేయించుకుని దూలం ఒకసారి చూశాను, గీత ఉన్నచోటే ఉంది. సాయంత్రం అవే రెండు కుర్చీలు. ఆవిడ వచ్చి కూర్చుని, చీర కొంగు సర్దుకుని, గొలుసు తన మెడలోనే వేసుకుని, పనికి దిగే మనిషిలా నావైపు తిరిగింది.

"పైది నువ్వు చూసుకో తమ్ముడూ. నేను పిల్లని చూసుకుంటా."

దీపాలు ఆరాయి. నేను తలెత్తాను. కాసేపటికి పక్కనుంచి మెల్లగా మాటలు మొదలయ్యాయి, నాకు మాత్రమే వినిపించేట్టుగా.

"వచ్చింది. చెప్పులు లేవు... ఎక్కుతోంది. చేత్తోనే కాదు తమ్ముడూ, కాళ్ళతో కూడా పట్టుకుంటోంది. వాళ్ళ నాన్న కొబ్బరిచెట్టెక్కేవాడే, అచ్చం అలాగే... పైకెళ్ళిపోయింది. ఇంకా వెళ్తోంది... నడుముకి చుట్టుకుంటోంది. ఒకటి... ఇంకోటి... కాలికి కూడా... మనల్ని చూస్తోంది తమ్ముడూ. నవ్వుతోంది..."

రేకు ఎక్కడో టక్కుమంది. నేను కళ్ళు తిప్పలేదు.

"చేతులొదిలేసింది," అంది ఆవిడ. కొక్కెం లాగింది, షెడ్డు మోగింది, జనం కేక పెట్టారు. ఆ కేక అణిగేదాకా పక్కనుంచి మాట లేదు.

"ఆగింది," అంది చివరకు. "చూశాను. ఆగింది."

"కదల్లేదు," అన్నాను నేను.